మూడో బెంచీతో సమానం

మా నాన్న నాకు సైలెన్స్ అని పేరు పెట్టాడు. పిల్లకు ఏ పేరు పెడితే ఆ గుణం వస్తుందని మా వాళ్ల నమ్మకం. మా చెల్లెలికి పేషెన్స్ అని పెట్టారు, ఓర్పు అని. అది పాలు కాగేదాకా కూడా ఆగలేని మనిషి. నా పేరు విని ముచ్చటపడి పెళ్లి చేసుకున్నాడు మా ఆయన జాబెజ్ థ్రాల్. మోసపోయానని వారం తిరక్కుండానే తెలుసుకున్నాడు గాని, పొరపాటు ఒప్పుకోవడం థ్రాల్ వంశంలో ఇంటా వంటా లేదు.

ఆ వంశం గొప్పే చెబుతున్నాను. మా ఊరు స్టోన్‌బరీలో కొత్త ప్రార్థన మందిరం కట్టిన ఏడు అది. కనెక్టికట్‌లో ఇంకా ఇంగ్లండు రాజు పేరు చెప్పుకునే రోజులు. మందిరం ఊరికి గొప్ప. నాకు గొప్ప మాత్రం మా పెరట్లో పడ్డ బావి. వాగేమో పల్లంలో, మా ఇల్లేమో గుట్ట మీద. గుట్ట మీద ఎందుకు కట్టారయ్యా అంటే, ఊరందరికీ కనబడాలని మామగారి కోరిక. కనబడింది. దానితోపాటు భుజాన కావడి వేసుకుని పొద్దూ మాపూ గుట్ట ఎక్కే కోడలు కూడా పదకొండేళ్లు ఊరందరికీ కనబడింది. చలికాలంలో మంచు మీద రెండుసార్లు జారిపడ్డాను. ఒకసారి కడుపుతో ఉన్నాను. దాని గురించి ఇంతకంటే చెప్పను.

ఆ జూన్‌లో నీళ్లు పడ్డాయి. లోపల రాతికట్టు కట్టి, పైన ఏతం నిలబెట్టారు. ఏతం కొయ్య ఒంటి చేత్తో లాగితే చాలు, చేద నిండా చల్లటి నీళ్లు వంటింటి గుమ్మం ముందుకు వచ్చేవి. మొదటి రోజు అవసరం లేకపోయినా తోడాను, పారబోశాను, మళ్లీ తోడాను. అత్తయ్య మెహిటబెల్ మొదటి లోటా తాగి మూతి తుడుచుకుంది. ఆవిడకు చెవుడు. అంటే, తనకు అక్కర్లేనివి వినబడవు.

"నలభై ఏళ్ల కిందటే తవ్వాల్సింది," అంది. "మీ మామకు తీరితేగా. రెండో బెంచీలో కూర్చోవడంతోనే ఆయన బతుకు సరిపోయింది."

మా మందిరాల్లో నచ్చిన చోట కూర్చోవడం కుదరదు. దేవుడి ముందు అందరూ సమానమే, కూర్చునేటప్పుడు తప్ప. ముగ్గురు పెద్దలతో ఒక కమిటీ వేస్తారు. వయసు, ఆస్తి, ఊరికి చేసిన సేవ, ఈ మూడూ తూచి, పాస్టరుగారి ఎదుట మొదటి బెంచీలో ఎవరు, రెండోదాంట్లో ఎవరు, పైన గ్యాలరీలో ఎవరు అన్నది తేలుస్తారు. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. మొగుడి వరుస ఎంతో పెళ్లాం వరుస అంత. పాత మందిరంలో మామగారిది రెండో బెంచీ. ఆయన పోయాక అదీ ఆస్తిలో భాగమేనన్నట్టు మా ఆయన వెళ్లి అందులో కూర్చున్నాడు, ఎవరూ లెమ్మనలేదు. ఇప్పుడు కొత్త మందిరానికి అందరినీ మళ్లీ మొదటినుంచీ తూచాలి.

ఎవరి పిర్రలు ఎక్కడ ఆనాలో తేల్చడానికి ఆ ముగ్గురు పెద్దమనుషులకు ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ మా ఊరంత మంచి ఊరు భూమ్మీద లేదు. ఎవరూ ఎవరి పశువునూ బందెలదొడ్డికి తోలలేదు. కమిటీ పెద్ద డీకన్ లూమిస్‌గారి కంచె విరిగితే నలుగురు పోటీపడి బాగుచేశారు. ఆయనకు జలుబు చేస్తే ఊరంతా తుమ్మింది. మా ఆయన ఆయన ఇంటికి పొగబెట్టిన పంది తొడ పంపించాడు. పందిని మేపింది నేను, కోసింది నేను, ఉప్పు రాసింది నేను. పేరు మాత్రం ఆయనది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, అది మా ఇంటి లెక్కే.

జూలై చివర్లో అందరినీ కొత్త మందిరానికి పిలిచారు. చెక్క ఇంకా పచ్చి వాసన కొడుతోంది. డీకన్‌గారు గొంతు సవరించుకుని పేర్లు చదివారు. మొదటి బెంచీలో అందరూ కాటికి కాళ్లు చాచుకున్న ముసలాళ్లు, వాళ్లమీద ఎవరికీ పేచీ లేదు. రెండో బెంచీలో మూడో పేరు అబైజా క్రేన్ అని వచ్చింది. మా ఆయన మెడ ఎర్రబడటం ఆడవాళ్ల వైపు నుంచే నాకు కనబడింది.

క్రేన్ తోళ్లు ఊనే మనిషి, అంటే పచ్చి తోళ్లను గుంటల్లో నానబెట్టి పదును చేసేవాడు. వయసులో మా ఆయనకంటే పదేళ్లు చిన్న. ఎంత స్నానం చేసినా అతని దగ్గర తోళ్ల గుంటల కంపు పోదు. కానీ ఆ కంపు వెనకాల బాగా డబ్బుంది. వయసు ఒక చేతిలో, డబ్బు ఒక చేతిలో పెడితే కమిటీ చెయ్యి ఎటు వంగుతుందో తెలియనిదెవరికి? మా ఆయనకు తెలియలేదు.

"జాబెజ్ థ్రాల్. గ్యాలరీ, ముందు వరుస," అని చదివారు డీకన్‌గారు.

మా ఆయన లేచి నిలబడ్డాడు. "పైనా?"

"పైనే. ముందు వరుస. నీ సంగతి కమిటీ బాగా ఆలోచించింది, జాబెజ్. ఓటు వేసి తీర్మానం కూడా చేశాం." కళ్లజోడు సర్దుకుని ఆ ముక్క చదివారు. "గ్యాలరీ ముందు వరుస, కింది మూడో బెంచీతో గౌరవంలో సమానంగా ఎంచబడును."

"మూడోదా?"

"సమానం."

"మూడోదానితోనా?"

"గౌరవంలో," అన్నారు డీకన్‌గారు, పంది తొడ తిన్న మనిషి ఎంత మెత్తగా అనగలడో అంత మెత్తగా. "మెట్లు ఎక్కాలనుకో. మెట్ల గురించి ఓటు వేయలేదు."

మా ఆయన అందరికంటే ముందు ఇంటికి వచ్చేశాడు. చిక్కుడు గింజలూ ఉప్పు మాంసమూ వడ్డిస్తే అలాగే చూస్తూ కూర్చున్నాడు.

"ఏమైందిరా?" అంది అత్తయ్య.

"నన్ను పైన కూర్చోబెట్టారమ్మా."

"ఎక్కడ?"

"పైన," అని అరిచాడు.

"పైనయితే మంచిదేగా," అంది అత్తయ్య, రొట్టె తుంచుకుంటూ. "దేవుడికి దగ్గర."

నిజం చెప్పాలంటే నాకు ఆ పై సీటు ఎంతో నచ్చింది. కింద కూర్చుంటే ముందున్నదాని టోపీ తప్ప ఏమీ కనబడదు. పైనుంచి ఊరు ఊరంతా కనబడుతుంది. ఎవరికి బట్టతల వస్తోంది, ఎవరు కునుకు తీస్తున్నారు, పాస్టరుగారి కాగితాలు ఇంకా ఎన్ని ఉన్నాయి, అన్నీ. ఆ ఆదివారం నేను బుద్ధిగా మెట్లెక్కి ఆడవాళ్ల గ్యాలరీలో కూర్చున్నాను. అందుకే, మా ఆయన చేసిన ఘనకార్యం ఊళ్లో అందరికంటే బాగా కనబడింది నాకే.

ఆయన తెల్లారగానే వెళ్లి కింద రెండో బెంచీలో, క్రేన్ చోట్లో కూర్చున్నాడు. క్రేన్ వచ్చాడు. చూశాడు. ఉన్న బెత్తెడు సందులో తనూ కూలబడ్డాడు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ ఇద్దరూ కళ్లు మూసుకుని, చేతులు జోడించి, తుంటితో తుంటిని తోసుకుంటున్నారు. మొహాలు చూస్తే మహా భక్తులు. నడుము కింద కోడెదూడల పోట్లాట. కీర్తన రెండో చరణంలో బెంచీ చివరనున్న ముసలాయన నడవలో పడ్డాడు. ఆయన రెండు యుద్ధాలకు వెళ్లి వచ్చాడు, ఒక దెబ్బా తగల్లేదు.

వెనక మెట్ల పక్కన ఇంకో బల్ల ఉంది. ఊళ్లోని నల్ల బానిసలకూ, ఆదివాసులకూ. దాని మీద ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేల్చడానికి కమిటీకి నిమిషం కూడా పట్టలేదు. ఆ బల్ల మీదినుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. డార్కస్ అనే ఆదివాసి మనిషి. కర్రవాడు, అంటే నిద్రపోయేవాళ్లను పొడవడానికి పొడుగాటి కర్ర పట్టుకు తిరిగే మనిషి, వెళ్లి ఆమెను పొడిచాడు. తుంటితో తోసుకునేవాళ్లను పొడవాలని ఎవరూ అతనికి చెప్పలేదు కాబోలు.

ఊరు మా ఆయనకు జరిమానా వేసింది. కట్టాడు. కట్టి, వచ్చే ఆదివారం వెళ్లి మళ్లీ అక్కడే కూర్చున్నాడు. నేను ఏమన్నా అంటే, "నీకు తెలియదు, ఇది సూత్రం," అనేవాడు. మా మగవాళ్లు సిగ్గులేని పని ఏది చేసినా దానికి ముందు ఒక సూత్రం తయారుచేసుకుంటారు. ఆగస్టంతా అలాగే గడిచింది. నాకు నవ్వొచ్చేది. నవ్వుకుంటూ బావి దగ్గర నీళ్లు తోడుకునేదాన్ని. ఆ రెంటికీ సంబంధం ఉందని నాకు తట్టలేదు.

సెప్టెంబరు మొదట్లో నేను వాకిట్లో కూర్చుని ఎండబెట్టడానికి గుమ్మడికాయ ముక్కలు కోస్తుంటే క్రేన్ వచ్చాడు. డార్కస్ అక్కడే ఉంది, అత్తయ్య కుర్చీకి కొత్తగా తుంగ అల్లుతోంది. మా ఊళ్లో కుర్చీల అడుగులన్నీ ఆమె అల్లినవే. ఊరివాళ్ల కూర్చోవడం గురించి ఆమెకు తెలియనిది లేదు.

"దాహమా, క్రేన్ గారూ?" అన్నాను.

"కాస్త," అని తనే వెళ్లి ఏతం లాగాడు. దోసిట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించి ఉమ్మాడు. మళ్లీ పోసుకుని వేళ్ల మధ్య రుద్ది చూశాడు. "మెత్తటి నీళ్లు. తోళ్లకు బాగా పనికొస్తాయి. మొన్న ఎండలకు తగ్గాయా?"

"తగ్గలేదు. ఎందుకూ?"

అతను నా వంక చూశాడు. ఇంటి వంక చూశాడు. అతన్ని అసహ్యించుకోవాలని ఇన్నేళ్లూ ప్రయత్నించాను గాని, ఆ పూట అతని మొహంలో ఉన్నది జాలి.

"తొందరేం లేదమ్మా," అన్నాడు. "కోతలయ్యాకే ఖాళీ చేయండి. జాబెజ్‌తో కూడా అదే చెప్పాను."

చేదను జాగ్రత్తగా కొక్కేనికి తగిలించి వెళ్లిపోయాడు. నేను గుమ్మడికాయ కోస్తూనే ఉన్నాను. అది అయిపోతే ఇంకోటి తీసుకున్నాను. డార్కస్ తుంగ తడుపుకుంటూ తల ఎత్తలేదు.

సాయంత్రం మా ఆయన రాగానే అడిగాను. "అమ్మేశారా?"

"మన గౌరవం నిలబడే చోటికి వెళ్తున్నాం," అన్నాడు.

"ఎక్కడుందది?"

"పడమటి కొండల్లో. హూసటానిక్ నది దాటాక. ప్రభుత్వం కొత్త ఊరికి చోటిచ్చింది. ఎనిమిది కుటుంబాలం. ఖాళీ నేల, ఎవరూ లేరు. మన మందిరం మనమే కట్టుకుంటాం."

ఆ ఎనిమిది కుటుంబాలూ ఎవరో నేను వేళ్ల మీద చెప్పగలను. ఒకడు నాలుగో బెంచీ ఇచ్చారని అలిగాడు. ఒకడు స్తంభం అడ్డమొచ్చిందని. ఒకడు బావమరిది తనకంటే ముందున్నాడని. తాతల కాలంలో మా వాళ్లు దేవుడి కోసం సముద్రం దాటి వచ్చారని పాస్టరుగారు ప్రతి ఏడూ చెబుతారు. నిజమో కాదో నాకు తెలియదు. వాళ్లు ఏ బెంచీ కోసం వచ్చారో అడగాలని ఆ రోజు మొదటిసారి అనిపించింది.

"అక్కడ నీళ్లెలా?" అన్నాను.

"నది ఉంది."

"ఇంటి దగ్గరా?"

"నీకెప్పుడూ నీళ్ల గోలే. మనిషికి నీళ్లొక్కటే చాలవు."

"నిజమే. బెంచీ కూడా కావాలి."

ఆయన నా మీద చెయ్యి ఎత్తలేదు. అలాంటి మనిషి కాదు. తలుపు వేసుకుని వెళ్లిపోయాడు. నేను వాకిట్లో నిలబడి ఏడ్చాను. ఇంటి కోసం కాదు. ఆ ఇల్లు నాకెప్పుడూ చుట్టాల ఇల్లే. భుజం మీద కావడి కాయ అప్పుడప్పుడే మెత్తబడుతోంది, దానికోసం ఏడ్చాను.

మర్నాడు డార్కస్ కుర్చీ తెచ్చి ఇచ్చింది. "ఎక్కడికి పోతున్నారమ్మా?" అంది.

చెప్పాను. కొండ పేరు, నది మలుపు, అన్నీ. "ఎవరూ లేని చోటట," అన్నాను.

"మా పెద్దమ్మ ఉంటుంది అక్కడ," అంది డార్కస్. "ఊట దగ్గర. ఎవరూ లేని చోటంటే అదే అయ్యుంటుంది."

కోతలు ముగిశాక ఎడ్ల బండ్లు కట్టుకుని బయలుదేరాం. అత్తయ్యను కొత్త తుంగ కుర్చీలోనే బండి మీద కూర్చోబెట్టాం. వాగు దాటుతుంటే వెనక్కి చూశాను. గుట్ట మీద మా ఏతం కొయ్య ఆకాశంలోకి లేచి కనబడుతోంది. మామగారి కోరిక ప్రకారం ఊరందరికీ.

కొత్త ఊరికి ముందుగా చేసిన పని పేరు పెట్టడం. యూనిటీ అన్నారు. ఐకమత్యం అని. అప్పటికి ఇళ్లు లేవు, పొయ్యిలు లేవు, పశువులకు కొట్టం లేదు. ఆలు లేదు చూలు లేదు, పేరు మాత్రం సిద్ధం. ఆ పేరు మీద కూడా రెండు రోజులు పోట్లాడుకున్నారు. నేల ఖాళీ అన్నారా, నిండా పాత మొక్కజొన్న బోదెలు, ఎవరో తరతరాలుగా మట్టి పోసి పెంచినవి. అది చూసి, "దేవుడు మనకోసం చదును చేసి ఉంచాడు," అన్నాడు మా ఆయన. దేవుడు కూడా మా మగవాళ్లలాంటివాడే కాబోలు, అన్నీ వేరేవాళ్లతో చేయిస్తాడు.

ఊట అడవి అంచున ఉంది. మా గుడిసెకు దూరమే, పైగా ఎగుడు దారి. మళ్లీ కావడి తీశాను. మొదటి రోజు వెళ్లేసరికి ఒక ముసలావిడ అక్కడ నీళ్లు ముంచుకుంటోంది. ఊట ముందు పెద్ద పలకరాయి పరిచి ఉంది, మనిషి నిలబడి వంగడానికి సరిగ్గా. రాయి మధ్యలో కాళ్లు పెట్టే చోట అరిగి గుంటలు పడింది. ఎంతమంది ఆడవాళ్ల కాళ్లకు అలా అరుగుతుందో.

"డార్కస్ పెద్దమ్మవా?" అన్నాను, ఏమనాలో తెలియక.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. మా మాట ఆమెకు బాగానే వచ్చు. "అది బాగుందా?"

"బాగుంది. కుర్చీలు అల్లుతోంది."

"వదులుగా అల్లుతుంది," అంది ఆమె. "చెబితే వినదు." కడవ ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ కొండల్లో నాకు నచ్చిన మొదటి మనిషి ఆమే.

అక్టోబరు చివరికి మగవాళ్లు మందిరం లేపారు. మందిరమంటే నాలుగు దుంగల గోడలు, పైన బెరడు. మా గుడిసెలు సగంలో ఆగాయి, రాత్రి పడుకుంటే చుక్కలు కనబడేవి. ఓక్ దుంగలు చీల్చి బెంచీలు చేశారు. పాస్టరు ఇంకా దొరకలేదు గాని బెంచీలు సిద్ధం. బెంచీలు సిద్ధమయ్యాక ఇంకేం కావాలి? కమిటీ కావాలి. ముగ్గురితో వేశారు. పెద్ద ఎవరో వేరే చెప్పాలా? మా ఆయనే. ఎనిమిది కుటుంబాల్లో ఎవరు ముందు, ఎవరు వెనక అని ముగ్గురూ చలిమంట దగ్గర కూర్చుని వారం పైగా తూచారు. వయసు, ఆస్తి, సేవ. స్తంభం అడ్డమొచ్చిందని అలిగి వచ్చినవాణ్ణి ఈసారి తలుపు పక్కన పడేశారు. మొదటి బెంచీలో మొదటి చోటు జాబెజ్ థ్రాల్‌ది. అంత దూరం వచ్చాం, ఆ మాత్రం దక్కకపోతే ఎలా?

ఆ వారంలోనే నీళ్లకు వెళ్లి చూద్దును కదా, ఊట దగ్గర రాయి లేదు. ఉన్నచోట మోకాలి లోతు బురద. ఎడ్లతో ఈడ్చిన చార మందిరం దాకా ఉంది. ప్రసంగం చేసేవాళ్లు నిలబడటానికి ఎత్తుగా ఉంటుందని, గోడ కింద పరిచారు దాన్ని. బురదలో దిగి నీళ్లు ముంచాను. పైకి వస్తుంటే కాలు జారి కావడితో సహా పడ్డాను. లేచి చూస్తే డార్కస్ పెద్దమ్మ గట్టు మీద నిలబడి ఉంది. రాయి ఉన్నచోటు చూస్తోంది. కోపం లేదు ఆ మొహంలో. ఇలాంటిదేదో జరుగుతుందని ముందే తెలిసినవాళ్లు చూసే చూపు. కావడిలో ఒక కడవ మాత్రం ఒలకకుండా నిండుగా మిగిలింది. అది ఆమె కడవలో పోశాను. సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి.

అది శుక్రవారం. శనివారం పొద్దు వాలితే మాకు సబ్బాతు మొదలు. ఆదివారం పొద్దు కుంకేదాకా ఎవరూ ఏ పనీ చేయకూడదు. కాబట్టి పాపం చేసినా వేళ చూసుకుని చేయాలి. శనివారం మధ్యాహ్నం మగవాళ్లందరూ అడవిలో ఉండగా ఎద్దును తోలుకుని మందిరానికి వెళ్లాను. రాయిని కదపడం నావల్ల కాలేదు. మొదటి బెంచీ కదిలింది. గొలుసు కట్టి ఊట దాకా ఈడ్పించి, బురద మీద అడ్డంగా వేశాను. ఎక్కి నిలబడి చూశాను. దిట్టంగా ఉంది. మా ఆయన పనితనానికి వంక పెట్టలేం.

ఆదివారం పొద్దున మందిరంలో మొదటి బెంచీ లేదు. వెతుక్కుంటూ ఈడ్చిన చార పట్టుకుని ఊట దగ్గరికి వచ్చేసరికి ఎనిమిది ఇళ్ల మగవాళ్లూ ఒగరుస్తున్నారు. నేను నీళ్లు ముంచుకుంటున్నాను. వాళ్ల వెనకే అత్తయ్య కూడా కర్ర పొడుచుకుంటూ వచ్చింది. డార్కస్ పెద్దమ్మ అప్పటికే కడవ నింపుకుని, కాస్త అలుపు తీర్చుకోవడానికి బెంచీ చివర కూర్చుంది.

మా ఆయన బెంచీ వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. తర్వాత అన్నాడు, "అది మొదటి బెంచీ."

"అవునండీ."

"దాని మీద ఆవిడ కూర్చుంది."

"కమిటీ లెక్క ప్రకారమే కదా," అన్నాను. "వయసు చూడండి, మీ అందరికంటే పెద్ద. ఊరికి సేవంటారా, మీరు పీక్కుపోయిన రాయి వేసింది వీళ్ల వాళ్లే. ఇక ఆస్తి సంగతికొస్తే..."

"సైలెన్స్," అన్నాడు.

పేరు పెట్టి పిలిచాడో, నోరు మూసుకోమన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఎలాగైనా మూసుకోలేదు. "అంత కష్టంగా ఉంటే మళ్లీ ఓటు వేయండి," అన్నాను. "ఈ ఊట మొదటి బెంచీతో గౌరవంలో సమానమని తీర్మానం చేస్తే సరి. మీకు అలవాటేగా."

స్తంభం మనిషి పకపకా నవ్వాడు. తలుపు పక్కన సీటు దక్కినవాడికి ఆ మాత్రం హక్కుంది. డార్కస్ పెద్దమ్మ లేచి, బెంచీని ఒకసారి అరచేత్తో తట్టింది. "ఎత్తెక్కువ," అంది. కడవ ఎత్తుకుని తన దారిన తను పోయింది.

బెంచీని వెనక్కి మోసుకుపోదామన్నాడు ఒకడు. సబ్బాతు రోజున దుంగ మోయడం పనేనా కాదా అని వాదన మొదలైంది. అరగంట తర్వాత పనే అని తేలింది. ఆ ఆదివారం మా ఆయన ప్రార్థన అంతా నిలబడే విన్నాడు. రెండో బెంచీలో చోటుంది. కూర్చోలేదు. దాని గౌరవం తక్కువ మరి.

సాయంత్రం గుడిసెలోకి వచ్చి నా వైపు చూడకుండా అడిగాడు. "ఎప్పుడిస్తావు?"

"ఇంటి ముందు బావి పడ్డాక. ఆ రాయి దాని చోటికి వెళ్లాక," అన్నాను. "ఈలోగా ఎవరైనా ఆ బెంచీ ముట్టుకుంటే, మీరు స్టోన్‌బరీలో తుంటితో తోసుకున్న కథ ఇక్కడి ఆడవాళ్లకు మొదటినుంచీ చెబుతాను. వాళ్లు కింద కూర్చున్నారు, సరిగ్గా చూడలేదు."

సోమవారం తెల్లారగానే పార తీసుకున్నాడు. నేల గడ్డకట్టే లోపు ముగించాలని పొద్దస్తమానం తవ్వాడు. చేతులు పొక్కులెక్కాయి, తవ్వాడు. పదకొండేళ్లు నేను గుట్ట ఎక్కుతుంటే కదలని మనిషి, ఒక దుంగ కోసం అంత లోతు దిగాడు. గట్టు మీద నిలబడి మట్టి తట్టలు అందుకుంటూ నేనాయన నడినెత్తి చూసేదాన్ని. అప్పుడప్పుడూ జాలేసేది. ఎక్కువసేపు కాదు.

మొదటి మంచు పడే ముందు నీళ్లొచ్చాయి. రాయి ఊట దగ్గరికి వెళ్లింది, అరిగిన గుంటలు పైకి వచ్చేలా నేనే దగ్గరుండి వేయించాను. ఊట మాత్రం కాగితాల్లో యూనిటీ ఊరిదే, అది ఎవరూ వెనక్కి ఇవ్వలేదు, నాతో సహా. బెంచీ మందిరానికి వెళ్లింది. ఎంత గీకినా బురద మరక పోలేదు. ఆదివారం మా ఆయన దాని మీదే, నిటారుగా, ఒక్కడే కూర్చున్నాడు.

అత్తయ్య కొత్త బావి నీళ్లు మొదటి లోటా తాగి మూతి తుడుచుకుంది.

"వీడు నయమే," అని నాతో అని, కొడుకు వైపు తిరిగింది. "మీ నాన్నకు ఎవరూ బెంచీ లాగేయలేదురా. నాకు తట్టలేదు."